పాత గింజకు ప్రాణమున్నదా?

ఇంట్లో పాత ధాన్యం నిలవ ఉన్నదంటే ఒకప్పుడు అది ఆ ఇంటి పరువు. పిల్లనిచ్చేవారు ముందు గాదె చూసి, ఆ తరువాతనే పెండ్లికొడుకును చూసేవారని పెద్దలు నవ్వుతూ చెప్పేవారు గాని, ఆ మాటలో అబద్ధం లేదు. తిరుత్తణి ప్రాంతంలోని కే.జీ.కండిగై వంటి పల్లెలలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తమిళంలో 'కండిగై' అని వ్రాసే ఆ మాట మన 'కండ్రిగ'యే గదా! చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు రాగి, ఇసుకపాటి నేలలో వేరుశనగ. ఏది పండినా కొంత తినడానికి, కొంత విత్తనానికి, కొంత రానున్న కరువుకు అని మూడు పాళ్లు వేసి దాచిన చేతులవి.

ఇప్పుడు కాలం మారింది. పిల్లలు చెన్నపట్నంలోనో, బెంగుళూరులోనో, సముద్రాల కవతలనో ఉద్యోగాలలో ఉన్నారు. ఊళ్లో ఇంటికి తాళం, లోపల మూలగదిలో నాలుగైదేళ్లనాటి రాగుల మూటలు. సెలవులకు వచ్చిన కుర్రవాడు వాటిని చూసి, "పారవేయడమెందుకు? దీనితో ఇంట్లోనే బీరు చేయకూడదా? అక్కడ అందరూ చేసుకుంటారు" అంటాడు. వినగానే పెద్దలకు కోపం వస్తుంది. కాని కోపం జవాబు కాదు. ఆ ప్రశ్న మంచి ప్రశ్నే. దానిని విప్పి చూస్తే మూడు ప్రశ్నలున్నవి. ఆ గింజకు ఇంకా ప్రాణమున్నదా? అందులో విషమేమైనా చేరినదా? చట్టం ఒప్పుకుంటుందా? ఈ మూడింటిలో మొదటి రెండూ బీరు ముట్టని ఇంటికి కూడా ఎంతో అవసరమైనవి.

బీరు వెనుక ఉన్న మొలక

కల్లుకూ బీరుకూ ఉన్న భేదం ముందు తెలుసుకోవలెను. తాటి కల్లైనా, ఈత కల్లైనా చెట్టునుండి దిగేటప్పుడే తియ్యగా ఉంటుంది. ఆ తీపిని ఈస్టు అనే సూక్ష్మజీవి తిని మద్యసారంగా మారుస్తుంది. అందుకే ఉదయం దింపిన కల్లు మధ్యాహ్నానికే పొంగుతుంది. గింజ సంగతి అట్లా కాదు. గింజలో ఉన్నది చక్కెర కాదు, పిండి. ఈస్టుకు పిండి అరగదు. పిండిని చక్కెరగా మార్చిపెట్టేవారు మరొకరు కావలెను.

ఆ పని చేసేది మొలక. గింజ నానగానే లోపలి అంకురం మేలుకొంటుంది. దానికి వేరూ ఆకూ వచ్చేదాకా తిండి కావలెను గనుక, పక్కనున్న పిండిని కరిగించి తీపి చేసుకోవడానికి అమైలేజు అనే ఎంజైమును పుట్టిస్తుంది. అంకురం పంపే జిబ్బరెల్లిను అనే పదార్థమే ఈ పనికి ఆజ్ఞాపత్రమని 1960లో పాలెగ్, యోమో అనే శాస్త్రజ్ఞులు బార్లీ గింజలపై వేరువేరుగా పరిశోధించి చూపారు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, సరియైన వేళకు ఎండబెట్టి ఆపివేస్తే వచ్చేదే మాల్టు. ఆ మాల్టును వేడినీళ్లలో కలిపితే పిండి తీపి నీరౌతుంది. దానికి ఈస్టు చేరితే బీరు. సారా అంటే పులిసినదానిని మళ్లీ కాచి ఆవిరి పట్టినది. బీరుకు ఆ బట్టీ లేదు.

పిండిని తీపి చేసే మార్గాలు లోకంలో మరి రెండున్నవి. జపానులో అన్నంపై ఒక జాతి బూజును పెంచి సాకే చేస్తారు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల స్త్రీలు మొక్కజొన్నను నమిలి, నోటి లాలాజలంతో తీపి చేసి చిచా అనే పానీయం చేసేవారు. మనకు దగ్గరలో, కోరాపుట్టు, బస్తరు గిరిజనుల 'లందా' అనే బియ్యపు పానీయంలో మొలకెత్తిన గింజల పొడి కలుపుతారు. అంటే మొలక రహస్యం ఎవరో దొరలు చెప్పగా మనకు తెలిసినది కాదు.

పాతది వండడానికి, కొత్తది మొలకకు

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. పాత గింజ పనికివస్తుందా?

పాతొక రోత, కొత్తొక వింత అని సామెత. కాని వంటింట్లో ఆ సామెత తలక్రిందులౌతుంది. పాత బియ్యం అన్నం పొడిపొడిగా ఉంటుంది, ఎక్కువ నీరు పీల్చి ఒదుగుతుంది, పథ్యానికి కూడా పాత బియ్యమే పెడతారు. నిలవలో బియ్యపు పిండిలోనూ మాంసకృత్తులలోనూ నెమ్మదిగా కలిగే మార్పులే దీనికి కారణం. వండడానికి గింజ బ్రతికి ఉండనక్కరలేదు. మొలకెత్తడానికి మాత్రం బ్రతికి ఉండి తీరవలెను. నిలవ ఉన్న గింజ చచ్చినది కాదు. అది నిద్రపోతూ, అతి మెల్లగా ఊపిరి తీస్తూ ఉంటుంది. ఆ ఊపిరి ఎన్నాళ్లన్నది తేమమీదా వేడిమీదా ఆధారపడి ఉంటుంది.

హారింగ్టన్ అనే విత్తన శాస్త్రజ్ఞుడు దీనికొక సులువైన లెక్క చెప్పాడు. గింజలో తేమ 1 శాతం తగ్గిన ప్రతిసారీ దాని ఆయువు రెట్టింపు, నిలవచోట వేడి 5 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ మళ్లీ రెట్టింపు. 14 శాతం తేమతో మూటకట్టిన గింజను 11 శాతం దాకా ఎండబెట్టి ఉంటే, ఆయువు ఎనిమిది రెట్లు పెరిగేదన్నమాట. ఇజ్రాయెల్ దేశంలో మసాడా కోట శిథిలాలలో దొరికిన సుమారు 2000 ఏళ్లనాటి ఖర్జూరపు విత్తనం 2005లో మొలకెత్తింది. అది ఎడారి పొడిగాలి మహిమ. ఈజిప్టు సమాధులలోని గోధుమలు మొలిచినవని చెప్పే కథ మాత్రం కట్టుకథే. ఇక మన తిరుత్తణి వైపు చూడండి. ఎండాకాలంలో నిప్పులు చెరిగే వేడి, అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనపు తేమ. గోనెసంచిలో వదలిన గింజకు ఈ రెండూ శత్రువులే.

కనుక ఏళ్లు లెక్కపెట్టడం వలన లాభం లేదు, గింజలు లెక్కపెట్టవలెను. మూటలో పైన, నడుమ, అడుగున తీసి కలిపి, అందులోనుంచి సరిగా 100 గింజలు ఎంచండి. తడి గుడ్డలో పరచి చుట్టి, గుడ్డ ఆరకుండా మూడు నాలుగు రోజులు ఉంచండి. తరువాత మొలకలు లెక్కించండి. మన దేశంలో ధ్రువీకరించిన విత్తనానికి ఉండవలసిన కనీసపు మొలక వరికి 80 శాతం, రాగికి 75, వేరుశనగకు 70. మాల్టు చేసేవారు అంతకంటె గట్టివారు. నూటికి 95కు తగ్గితే వారికి నచ్చదు. ఎందుచేతనంటే నానబెట్టిన తరువాత మొలవని గింజ ఊరక ఉండదు, కుళ్లుతుంది, పక్కనున్న మొలకలనూ చెడగొడుతుంది.

ఇక్కడ మరొక విశేషమున్నది. మరీ కొత్తదీ పనికిరాదు. కోసిన వెంటనే కొన్నిజాతుల వరి, బార్లీ కొన్ని వారాలు మొలవవు. ప్రకృతి వాటికి పెట్టిన నిద్ర అది. కంకిమీద ఉండగానే వానకు మొలవకుండా ఈ ఏర్పాటు. అందుచేత బార్లీని కొంతకాలం ఆపి మరీ వాడతారు. మరపట్టిన బియ్యానికి అంకురమే పోయినది గనుక అది ఎంత కొత్తదైనా మొలవదు. ఉప్పుడు బియ్యంలో అంకురం ఉడికిపోయి ఉంటుంది. రేషను బియ్యంతో మాల్టు చేయాలనుకోవడం వృథా ప్రయాస.

అయితే మొలవని పాత గింజ బీరుకు బొత్తిగా పనికిరాదా అంటే, అదీ కాదు. పాలు ఎన్ని ఉన్నా తోడు లేనిదే పెరుగు కాదు గదా! అట్లాగే చచ్చిన గింజ శుభ్రంగా ఉంటే, దానిని ఉడికించి పాలవలె వాడుకోవచ్చును, తోడువలె తాజా మొలకల పొడి కలపవలెను. పాశ్చాత్య దేశాల బీరు కంపెనీలు మాల్టుతోపాటు బియ్యమూ మొక్కజొన్నా ఉడికించి కలుపుతవి. తెలుగువారు తరతరాలుగా ఉంటున్న దక్షిణాఫ్రికాలో అక్కడి స్థానికులు ఉమ్‌కోంబోతి అనే పానీయాన్ని మొలకెత్తిన జొన్నకు మొక్కజొన్న పిండి చేర్చి చేస్తారు. పాత గింజ ఒడలు, కొత్త మొలక ప్రాణం. శాస్త్రం చెప్పేది ఇంతే.

బూజు పట్టిన గింజ

రెండవ ప్రశ్న మొదటిదానికంటె పెద్దది. గింజ చావడం నష్టమే గాని ప్రమాదం కాదు. బూజు పట్టడం ప్రమాదం.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చచ్చిపోయినవి. వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఒక జాతి బూజు పుట్టించిన విషమున్నట్లు విచారణలో తేలింది. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. కాలేయాన్ని తినివేసే విషమది. కోళ్ల కథ అని మనం అనుకొనేలోగా, 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాలలో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిన్నవారికి పచ్చకామెర్లూ, పొట్ట ఉబ్బూ వచ్చి 106 మంది మరణించారు. ఈ సంగతిని శోధించి 1975లో లోకానికి వెల్లడించినది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే. నీలగిరులలోని కూనూరులో 1918లో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. 1995లో ఆంధ్ర, కర్ణాటక మెట్టప్రాంతాలలో కోతవేళ వానలకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిని ఎందరో కడుపునొప్పితో, విరేచనాలతో బాధపడ్డారు. అది ఫ్యుమొనిసిన్ అనే మరొక బూజు విషం. 2004లో కెన్యా దేశంలో మళ్లీ మొక్కజొన్న బూజే 125 మందిని బలిగొన్నది.

ఈ విషయంలో గృహిణులు మనస్సులో ఉంచుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. బూజును కడిగితే పోతుంది, విషం పోదు. ఉడికించినా, వేయించినా, పులియబెట్టినా అది పూర్తిగా నశించదు. కనుక బూజు గింజతో బీరు చేస్తే విషం బీరులోకే వస్తుంది, అంబలి చేస్తే అంబలిలోకే వస్తుంది. పైగా మొలకెత్తించడమంటే గింజను రెండు మూడు రోజులు తడిగా, వెచ్చగా ఉంచడమే. బూజుకు అంతకంటె పండుగ వేరే లేదు. "మనం తినవద్దు, ఆవుకు వేద్దాము" అనడం మరీ పొరపాటు. ఆవు తిన్న ఆ విషం కొంత రూపం మార్చుకొని పాలలోకి దిగుతుంది. ఆ పాలు త్రాగేది ఇంట్లో పసిబిడ్డ.

అందుచేత ముక్కవాసన, పచ్చని లేక నల్లని బూజు, ఉండకట్టిన గింజలు కనబడితే ఆ మూటను మనిషికీ పశువుకూ దక్కకుండా గోయి తీసి పూడ్చవలెను. మన ప్రాంతంలో వేరుశనగ ఎక్కువ గనుక ఆ కాయలలో ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ ఏరివేయడం నేర్చుకోవలెను. రాగికి ఇందులో కొంత అదృష్టమున్నది. చిన్న గింజ, గట్టి తొడుగు. పురుగు దానిని అంతగా ముట్టదు. అందుకే కరువు నిలవకు పెద్దలు దానిని ఎన్నుకున్నారు. తెలంగాణలో తైదలు, ఉత్తర కోస్తాలో చోళ్లు, మనకు రాగులు, పొరుగింటివారికి కేప్పై. పేర్లు నాలుగైనా గుణమొక్కటే. కాని తడి తగిలితే రాగికీ రక్షణ లేదు.

చట్టం మాట

మూడవ ప్రశ్నకు జవాబు చిన్నది, చరిత్ర పెద్దది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. మద్యం చేయడం, అమ్మడం రాజు అదుపులో ఉండగా, కుటుంబీకులు విశేష కార్యాలకు ఇంట్లో సుర చేసుకోవచ్చునని, ఉత్సవాలకూ యాత్రలకూ నాలుగు రోజులు సెలవీయవచ్చునని ఆ గ్రంథం చెబుతుంది. ఇంటి పానీయంపై సర్కారు కన్ను ఈనాటిది కాదు.

మద్రాసు రాజధానిలో 1937 అక్టోబరు 1న రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించారు. మరుసటి ఏడు, 1938లో, అది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. తిరుత్తణి తాలూకా అప్పుడు చిత్తూరు జిల్లాలోనిదే గనుక మన ఊళ్లకూ వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆ తరువాత ఆ రాష్ట్రంలో 1971లో నిషేధం సడలి, 1974లో మళ్లీ బిగిసి, 1983లో టాస్మాక్ సంస్థ ఏర్పడి, 2003లో చిల్లర అమ్మకం కూడా దాని చేతికి వచ్చింది. ఇన్ని మార్పులు వచ్చినా 1937 నాటి చట్టం ఈనాటికీ ఉన్నది. అనుమతి లేకుండా మద్యం తయారు చేయడం నేరమే. అది సారా అయినా, ఇంటి బీరైనా ఒకటే. సరిహద్దు దాటి నగరి వైపు వెళ్లినా ఆంధ్ర చట్టమూ ఇంటి తయారీని ఒప్పదు.

ఇంగ్లండులో 1963లో ఇంటి బీరుకు లైసెన్సు అవసరం తీసివేశారు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఇంట్లో త్రాగడానికి ఒక హద్దులో అనుమతి వచ్చింది. అక్కడ స్థిరపడిన మన పిల్లలు చేసుకుంటే అది వారి దేశపు చట్టంలోని మాట. ఇక్కడి పాత మూటకు ఆ దారి లేదు. పైగా బీరు ఈస్టుకు చల్లదనం కావలెను. మన దేశంలో మొదట బీరు బట్టీలు కసౌలీ, నీలగిరుల వంటి చల్లని కొండలలో వెలసినది ఊరకే కాదు. ఆడి మాసపు వేడిలో అది పులిసి పుల్లబడడమే ఎక్కువ.

మొలకతో మనం చేయగలిగినది

పుల్లబడడమన్నాము. అది చెడ్డ మాట కాదు. ఈ ఎండలో బీరు నిలవదు గాని అంబలి నిలుస్తుంది. గోదావరి, విశాఖ వైపు తరవాణి కడవ, ఇక్కడ ఆడి మాసంలో అమ్మవారి గుళ్ల ముందు పోసే రాగి కూళు, చిత్తూరు గంగజాతర అంబలి, అన్నీ ఒకే కుటుంబం. రాత్రి కలిపిన జావను తెల్లవారేసరికి పుల్లబరిచేది పెరుగులోని సూక్ష్మజీవులకు చుట్టమే. ఆ పులుపు చెడ్డ క్రిములను పెరగనీయదు. మొలవకపోయినా శుభ్రంగా ఉన్న పాత రాగులకు ఇదే సరియైన గతి. పిండికొట్టి, నూకతో ఉడికించి, అంబలి చేయండి. పిండి మాత్రం గింజవలె నిలవ ఉండదు, కొద్దికొద్దిగా ఆడించుకోవలెను.

మొలిచే గింజ ఉంటే దానికి మరింత మంచి పని ఉన్నది. రాగులు రాత్రి నానబెట్టి, నీరు వడకట్టి, గుడ్డలో మూటకట్టి, తడి ఆరకుండా రెండు రోజులు ఉంచండి. సన్నని మొలకలు రాగానే ఎండలో బాగా ఎండబెట్టి, నలిపి వేళ్లు చెరిగివేసి, పొడి కొట్టండి. ఇదే రాగి మాల్టు. చిన్నపిల్లలకు పెట్టే జావను చిక్కగా ఉడికించి, చేయి ఓర్చుకోలేనంత వేడిగా, కాని ఉడుకు ఆగిన తరువాత, ఒక చెంచా మాల్టు పొడి కలపండి. మరిగే జావలో వేస్తే ఎంజైము చస్తుంది. కొద్ది నిమిషాలలో గట్టి జావ పలుచబడుతుంది. మళ్లీ ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి పెట్టండి. బీరు చేసేవాని తొట్టిలో జరిగే పనే ఇది, ఇక్కడ బిడ్డ గిన్నెలో జరిగింది. దీని ప్రయోజనమేమంటే, నీళ్లు పోసి పలుచన చేస్తే బిడ్డ పొట్ట నీళ్లతో నిండుతుంది. మొలక పొడితో పలుచన చేస్తే అంతే గిన్నెలో ఎక్కువ తిండి లోపలికి పోతుంది. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధనశాలలోనూ, బరోడా విశ్వవిద్యాలయంలోనూ 1970, 80 దశకాలలో ఈ మొలక పిండిపై మంచి కృషి జరిగింది.

చివరగా నిలవ సంగతి. కొత్త ధాన్యం రాగానే పాతదానిని మార్చవలెనని కౌటిల్యుడు కోష్ఠాగారాధ్యక్షునికి చెప్పాడు. సగం ఆపదకు దాచమన్నవాడే ఆ మాటా చెప్పాడు. మన పెద్దలు గాదెలోనూ, తొంబలోనూ, పాతరలోనూ దాచినది మరచిపోవడానికి కాదు, ఏటేటా తిరగవేయడానికి. పాతర మూసి ఉంచితే గింజల ఊపిరికి లోపలి గాలి మారి పురుగు చస్తుంది. ఆ గాలే మనిషినీ చంపుతుంది. అందుకే తెరిచిన తరువాత కొంతసేపు ఆగి, దీపం దించి, అది ఆరకపోతేనే దిగేవారు. ఈనాటికీ పాత పాతర తెరిచేవారు తొందరపడి దిగరాదు.

సంక్రాంతికి ఊరికి వెళ్లే పాఠకులకు ఒక మనవి. మూలనున్న మూటలను ఈసారి విప్పండి. వాసన చూడండి. 100 గింజలు తడిగుడ్డలో వేయండి. మొలిచినవాటిని విత్తనానికో, పిల్లల మాల్టుకో ఉంచండి. మొలవకపోయినా శుభ్రంగా ఉన్నవాటిని అంబలికి ఆడించండి. బూజు పట్టినవాటిని మట్టిలో కలపండి. ఖాళీ అయిన గాదెను ఎండకు ఆరబెట్టి, కొత్త పంటలో కొంతైనా బాగా ఎండించి అందులో పోసి రండి.